గీత అవతల కూత, గీత ఇవతల కేక

భివండి పద్మనగర్‌లో పాళీ మారే వేళ చాయ్ హోటళ్ళలో మెల్లగా మాట్లాడేవాళ్ళు దొరకరు. పన్నెండు గంటలు పవర్‌లూమ్‌ల (ఇక్కడివాళ్ళ మాటలో సాంచాల) మోతలో నిలబడి వచ్చినవాళ్ళకు గొంతు తగ్గించడం వెంటనే రాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరతరాలుగా బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీల పేట ఇది. ఇక్కడే నాకు ఒక మేనమామ, మేనల్లుడు పరిచయం. మామ ఎనభైల చివర ఈ ఊరి కాలేజీలోనే బీకామ్ చదివాడు. కబడ్డీ ఆడలేదు, ఆడే జట్టు వెంట ఎక్కడికైనా వెళ్ళాడు. అల్లుడు ఇప్పుడు అదే కాలేజీలో చివరి ఏడు చదువుతున్నాడు. ఫోన్‌లో ప్రో కబడ్డీ చూస్తాడు, తెలుగు టైటాన్స్ అభిమాని. కళ్ళెదుట ఆడే కాలేజీ జట్టు గొప్పదా, తెర మీది జట్టు గొప్పదా అన్నది వీళ్ళ మధ్య తెగని తగువు. ఒక సాయంత్రం ఆ తగువును పూర్తిగా విన్నాను. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే ఉంచుతున్నాను.

మామ: మళ్ళ టైటాన్స్ మ్యాచేనా? వేలంపాటల కొన్న జట్టు అది. పోయినేడు ఇంకోళ్ళకు ఆడినోణ్ణి పట్టుకొచ్చి ఈ ఏడు మనోడంటవు. నాకైతె మనసొప్పదు అల్లుడూ.

అల్లుడు: కొంటె తప్పేంది మామ? 2014ల ప్రో కబడ్డీ మొదలైనప్పుడు వేలంల అందరికంటె ఎక్కువ పలికింది రాకేశ్ కుమార్. 12 లక్షల 80 వేలు. అదే గొప్పన్నరు. 2023 వేలంల పవన్ సెహ్రావత్‌ను మా టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకున్నరు. కబడ్డీ ఆడెటోనికి కోట్లు! నీ కాలంల ఆడినోనికి ఏమొచ్చింది? రైల్వేలనో పోలీసులనో నౌకరి దొరికితె వాని అదృష్టం. దొరకనోడు మళ్ళ సాంచాల కాడికే.

మామ: అన్ని పైసలు పోసి కొన్నరు గదా, ఆ ఏడు మీ టైటాన్స్ ఎక్కడుండె?

అల్లుడు: అడుగున.

మామ: అంతకు ముందేడు?

అల్లుడు: అడుగుననే. దానికి ముందేడు సుత. మూడు సీజన్లు వరుసగ. సీజన్‌కు 22 మ్యాచ్‌లాడి ఒకసారి ఒక్కటి గెలిచిండ్రు, తర్వాత రెండుసార్లు రెండేసి. నేను విడిచిపెట్టిన్నా? క్లాసుల యూ ముంబా పోరగాళ్ళందరు ఎక్కిరిస్తుంటె ఒక్కణ్ణే టైటాన్స్ టీ షర్ట్ ఏసుకొని తిరిగిన. ఓడినా ఉండాలన్నది నువ్వు నేర్పిందే గదా.

మామ: ఓడినా ఉన్నవు, అది మెచ్చుకోవాల్సిందే. కాని నువ్వున్నవని వాళ్ళకు ఎరుకనా? మా రెయిడర్ నా అకౌంట్స్ నోట్‌బుక్ తీసుకపోయి పరీక్ష ముందురోజు దాక ఇయ్యకపోయేది. పొద్దున ఏం తిన్నడో నాకు తెలుసు, ఇంట్ల లొల్లి అయిందో లేదో తెలుసు. కూతకు పోయే ముందు మట్టి తీసి అరచేతులకు రాసుకునేటోడు. ఒక్క చేతికే రాసుకుంటె ఆ పొద్దు భయంగ ఉన్నడన్నట్టు. మేం ఇవతలి నుంచి పేరు పెట్టి పిలిస్తె రెండో చెయ్యి గూడ రాసుకునేటోడు. మీ టైటాన్స్ రెయిడర్‌కు నువ్వు పిలిస్తె వినపడుతదా?

అల్లుడు: వినపడదు. కాని వాని ఆట నాకు కనపడుతది మామ. మెల్లగ తిప్పి చూపిస్తరు. కాలి వేలు బోనస్ గీత దాటిందా లేదా, వెనుక కాలు గాలిల ఉన్నదా లేదా, అన్నీ తెలుస్తయి. మీరు గీత పక్కన గుంపులెక్క నిలబడి ఏం చూసిండ్రు? ముందటోని వీపు.

మామ: అరే, ముందటోని వీపు కానీ, చెవులుండె గదా! ఒక్క కార్ఖానల నలభై సాంచాలు నడుస్తుంటె, అందుల ఒక్కటి ఆగితె కునుకు తీసేటోడు లేచి కూసుంటడు. మోత నడుమ తేడా పట్టే చెవి మాది. అట్లనే ఎదుటోని కూత సన్నవడుతుంటె, ఇంకో నాలుగు లెక్కవెట్టేసరికి తెగుతదని మాకు ముందుగాలనే ఎరుకయ్యేది. వెంటనే అరిచేటోళ్ళం. ఆ అరుపు వినంగనే మనోళ్ళు మీద పడేది.

ఇంకోటి చెప్త విను. ముంబై నుంచి వచ్చిన జట్లు మన గ్రౌండ్‌ల దిగితె మొదలు బెదిరింది మన ఆటగాళ్ళను చూసి కాదు, మన గొంతులు విని. సముద్రం ఒడ్డున చదువుకునే పోరగాళ్ళు పాపం, మెత్తగ మాట్లాడేటోళ్ళు. ఇక్కడ సాంచాల మోత మీదికెళ్ళి మాట్లాడే అలవాటు మనకు. ఒక్కడు అరిస్తె పది మంది అరిచినట్టు ఉంటది. అటు తెలుగు, ఇటు మరాఠీ, వెనుక ఉర్దూ. అంపైర్ సీటీ సుత వినపడకపోయేది.

కార్ఖానల ఎంత అరిచినా పనిగాదని చేతులతోని, పెదవులతోని మాట్లాడుకుంటం చూడు. దారం తెగితె ఒక సైగ, కండె అయిపోతె ఒక సైగ, సేఠ్ వస్తున్నడంటె ఒక సైగ. గ్రౌండ్ కాడ లొల్లిల కోచ్ మాట ఎవ్వనికి వినపడదు. గీత పక్కన నిలబడ్డ సాంచాల పోరడు పెదవి కదిలిస్తె మా కార్నర్‌కు అర్థమయ్యేది. వాడు గూడ ఎండకాలం సెలవులల్ల అదే పని చేసినోడే గదా.

అల్లుడు: అది ఫౌల్ కాదా?

మామ: అంపైర్‌కు ఆ భాష వస్తె గదా!

అల్లుడు: కథ మంచిగుంది. కాని నీ కథలతోని నాకు ఒక్కటే పంచాయితీ. థానే కాలేజీ తోని ఆడిన మ్యాచ్ ఉంది చూడు, చివరి కూతల మీ రెయిడర్ గెలిపించింది. నా చిన్నప్పుడు ఆ కూతల ముగ్గురు అవుటైండ్రు. పదో తరగతికి వచ్చేసరికి నలుగురైండ్రు. మొన్న దసరాకు చెప్పినప్పుడు అయిదుగురు. నాకు పిల్లలు పుట్టేసరికి ఎదుటి జట్టు మొత్తం అవుట్ అయితది.

మామ: ముగ్గురే... కాదు, ఒకడు తనే గీత దాటిండు. వాణ్ణి కలుపుకోవాలె.

అల్లుడు: స్కోర్‌కార్డ్ ఉంటె ఈ లొల్లి ఉంటదా? పక్కూరు కల్యాణ్‌నే చూడు. 2016 జనవరిల ప్రణవ్ ధనావడే బడి మ్యాచ్‌ల 1009 నాటౌట్ కొట్టిండు. 323 బంతులల్ల 129 ఫోర్లు, 59 సిక్సులు. మొదటి రోజు 652 దగ్గర ఆగిండు. అప్పటికే 1899ల ఇంగ్లండ్‌ల కాలిన్స్ అనే పిల్లగాడు కొట్టిన 628 దాటిపోయె. ఎవ్వడన్న నోటితోని చెప్తె నమ్ముతమా? బంతి బంతికి రాసి పెట్టిన కాయితం ఉన్నది గనుకనే ప్రపంచం నమ్మింది. నీ రెయిడర్‌కు అట్లాంటి కాయితం ఎవ్వడూ రాయలే. రాయనందుకే వాడు నీ ఒక్కని నోట్లె మిగిలిండు.

మామ: ఆ పిల్లగాని సంగతి నాకు తెల్వదా? తండ్రి ఆటోరిక్షా తోలేటోడు. రెండో రోజు గ్రౌండ్ నిండ టీవీ వాళ్ళే. ముంబై క్రికెట్ సంఘం నెలకు 10 వేల స్కాలర్‌షిప్ ఇచ్చింది. రెండేండ్లు కాకముందే ఆట తగ్గిందని ఆ తండ్రే స్కాలర్‌షిప్ ఆపుమన్నడు. ఎంత నియ్యత్ ఉన్న మనిషి చూడు! ఆ పొద్దు టీవీ వాళ్ళల్ల ఎంతమంది ఆ పిల్లగాని పక్కన నిలబడ్డరు? వెయ్యి కొట్టిననాడు ఎవ్వడన్న వస్తడు. పది కొట్టి వెనుకకొచ్చిననాడు బ్యాగు మోసేటోడు కావాలె. కాలేజీ జట్టుకు మేం చేసింది అదే. అరటిపండ్లకు, గ్లూకోజ్‌కు చందా ఎత్తినం. సున్నం తెచ్చి గీతలు గీసినం. కార్ఖానల నుంచి చిందీ బట్ట అడుక్కొచ్చి బ్యానర్ కుట్టించినం. ఊరు ఊరంత బట్ట నేస్తది గదా, మా జట్టు బనియన్లు కొనాలంటె ఉల్లాస్‌నగర్ పోయినం! సాంచా మీద బనియన్ గుడ్డ రాదు మరి.

అల్లుడు: నీ సిద్ధాంతం ప్రకారం చందా ఎత్తినోడే అభిమాని. మరి అంతమంది బ్యాగులు మోసి, గీతలు గీసి, ఆ జట్టు ఎక్కడి దాక పోయింది? కాలేజీ ఆట కాలేజీల్నే సచ్చిపోతది మామ.

మామ: ఎందుకు సచ్చిపోతది? సునీల్ గవాస్కర్ సెయింట్ జేవియర్స్ కాలేజీ పిల్లగాడు. బొంబాయి యూనివర్సిటీకి ఆడుకుంట పెరిగి, 1971ల మొదటిసారి వెస్టిండీస్ పోయి ఒక్క సిరీస్‌ల 774 రన్లు చేసిండు. మనదిక్కు చూడు, రహీం సాబ్. ఉస్మానియాల చదువుకుంట ఆడి, బడిపంతులు పని చేసి, దేశం ఫుట్‌బాల్ జట్టును తయారుచేసి 1962ల జకార్తా ఏషియాడ్‌ల బంగారం తెచ్చిండు.

అల్లుడు: రెండు పేర్లు చెప్పినవు. మిగిలిన వేలమంది?

మామ: మిగిలినోళ్ళు మనలెక్క బతికిండ్రు. బతుకుడు తక్కువనా? మా రెయిడర్ ఇప్పటికీ అంజూర్ ఫాటా కాడ కనపడితె బండి ఆపి దిగుతడు. నా నోట్‌బుక్ ఇంకా ఇయ్యలే.

అల్లుడు: (నవ్వుకుంటూ) ఇంకోటి అడుగుత, కోపం తెచ్చుకోవద్దు. కరెంటు పోయిననాడే మీ గ్రౌండ్ నిండేదని అమ్మ చెప్పింది.

మామ: అవును. కరెంటు పోతె సాంచాలు ఆగుతయి. సాంచాలు ఆగితె మనుషులకు చేతులు ఖాళీ. పొద్దుగాల కరెంటు పోయిందంటె, పగటికి మ్యాచ్ ఉంటె, గోడ మీద సుత జాగ దొరకదు. వాళ్ళ జుట్టు నిండ దూది పొట్టు. దూరం నుంచి చూస్తె గుంపుల ఎవ్వడు కాలేజీ పోరడు, ఎవ్వడు కార్ఖానా పోరడు అన్నది జుట్టును బట్టే చెప్పొచ్చు.

అల్లుడు: సాంచా ఆగితె ఆ పొద్దు కూలి లేదు గదా మామ. మీటర్ లెక్కన పైసలు. తాతకు ఆ పొద్దు పైసలు రాలే. నీకు యాదికొచ్చేది నిండిన గ్రౌండ్. అమ్మకు యాదికొచ్చేది ఆ వారం ఉప్పుడు పిండి తోని గడిపిన రాత్రి. ఒకే రోజు, ఇద్దరికి రెండు తీర్ల.

మామ: ... బాపు గురించి నీకు పూర్తిగ చెప్పలే. బాపు మొదలు బొంబాయి మిల్లుల పని చేసిండు, పరేల్ దిక్కు. ఆ మిల్లుల పేటల గల్లీకో కబడ్డీ మండలి ఉండె. పాళీ దిగి ఇంటికి పోకుంట ఆటకాడికి పోయేటోడట. 1982 జనవరిల దత్తా సామంత్ సమ్మె మొదలైంది. రెండు లక్షల మందికి పైగ పని బందు చేసిండ్రు. ఏడాది దాటినా తెగలే. మిల్లులు మళ్ళ మునుపటి లెక్క తెరుచుకోలే. అప్పుడు మమ్ముల తీసుకొని ఇక్కడికి వచ్చిండు. మిల్లు మనిషి సాంచాల కూలి అయిండు. పాళీ పోయింది, పేట పోయింది, వాళ్ళ మండలి పోయింది. దాని గురించి ఇంట్ల ఒక్క మాట మాట్లాడలే.

నేను కాలేజీల చేరినంక ఒక్కనాడు గూడ గేటు లోపలికి రాలే. ఫీజు కట్టే రోజు సుత బయటనే నిలబడి పైసలు నా చేతుల పెట్టిండు. చదువుకున్నోళ్ళ జాగ అనేటోడు. కాని కరెంటు పోయిన ఒకనాడు చూస్తె, గ్రౌండ్ ఆ మూల నుంచి బాపు గొంతు! మరాఠీల అరుస్తుండు. "సాఖళీ! సాఖళీ!" అని. చేతులు కలిపి గొలుసు కట్టుమని. అంత మంచి మరాఠీ బాపుకు వస్తదని అప్పటిదాక నాకు తెల్వదు. కూలి పోయిన మాట నిజమే బిడ్డా. మీ అమ్మ ఆకలి నిజమే, నేను కాదంటలేను. కాని బాపుకు ఆ పొద్దు పోయిన కూలి తోని పాటు ఏదో తిరిగి గూడ దొరికింది. అది నేను కండ్లార చూసిన.

1990ల బీజింగ్ ఏషియాడ్‌ల మొదటిసారి కబడ్డీ పెట్టిండ్రు. ఆ ఆటలల్ల మన దేశానికి వచ్చిన బంగారం ఒక్కటంటె ఒక్కటే, అది కబడ్డీదే. బాపు ఆ పొద్దు హోటల్‌ల అందరికి చాయ్ పోయించిండు. బాపు పైసలు ఖర్చుపెట్టుడు నేను చూసింది అప్పుడే.

అల్లుడు: తాత అట్ల అరిచేటోడా? నాకు ఎప్పుడూ మంచంల దగ్గుకుంట ఉన్న తాతే ఎరుక.

మామ: అందుకే చెప్తున్న. ఏ రికార్డింగ్‌ల లేడు ఆయన.

అల్లుడు: సరే, ఆ మాట ఒప్పుకుంట. కాని నా బాధ గూడ విను. నేను భివండిల పుట్టిన, ఇక్కడనే పెరిగిన. క్లాసుల అంటరు, నువ్వు మహారాష్ట్రల ఉండి యూ ముంబా అనకుంట టైటాన్స్ అంటవేంది అని. జగిత్యాల పోతె మా పెద్దనాన్న కొడుకులు అంటరు, నువ్వు బొంబాయోనివి, నీకు టైటాన్స్ ఎందుకు అని. 2019ల సిద్ధార్థ్ దేశాయ్‌ని టైటాన్స్ 1 కోటి 45 లక్షలకు తీసుకున్నరు. కొల్హాపూర్ దిక్కు మరాఠీ పోరడు. ఆయన తెలుగు జట్టు బనియన్ ఏసుకొని కూతకు పోతుంటె నాకు ఎంత మంచిగ అనిపించిందో ఎట్ల చెప్పాలె! ఆయన అక్కడోడు ఇక్కడికి ఆడుతున్నడు, నేను ఇక్కడోణ్ణి అక్కడికి అరుస్తున్న. లెక్క సరిపోయింది అనుకున్న. నువ్వు వేలంపాట అని తీసిపారేసిన జట్టే నాకు ఆ జాగ ఇచ్చింది మామ.

మామ: ఈ సంగతి ఎన్నడు చెప్పలేదేందిరా?

అల్లుడు: నువ్వు అడుగలే.

మామ: మనోళ్ళకు ఇది కొత్త గాదు. సి.కె. నాయుడు నాగపూర్‌ల పుట్టిన తెలుగోడు. 1926 డిసెంబర్‌ల బొంబాయి జింఖానాల ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ మీద 153 కొట్టిండు, అందుల 11 సిక్సులు. 1932ల దేశం మొదటి టెస్ట్‌కు ఆయనే కెప్టెన్. కాని ఆ బొంబాయి మ్యాచ్‌ల ఆయన ఆడిన జట్టు పేరేందో తెలుసా? హిందూస్. అప్పుడు జట్లన్నీ అట్లనే ఉండె. హిందువుల జట్టు, ముస్లింల జట్టు, పార్సీల జట్టు, యూరోపియన్ల జట్టు.

ఇప్పుడు మన ఊరు చూడు. 1970ల అల్లర్లు, 1984ల అల్లర్లు. నేను కాలేజీకి వచ్చేసరికి 84 కచ్చిగనే ఉండె. కొన్ని గల్లీలకు చీకటి పడ్డంక పోవద్దని అమ్మ చెప్పేది. అట్లాంటప్పుడు మా జట్టు చూడు. ఎడమ కార్నర్ మోమిన్ పోరడు, వాళ్ళ తాతముత్తాతలు మగ్గం నేసినోళ్ళే. కుడి కార్నర్ ఆగ్రీ పోరడు, ఈ నేల వాళ్ళది. రెయిడర్ మనోడు. ఒక కార్నర్ పక్కకు ఇంకొకడు చెయ్యి అందించకుంట సాఖళీ కట్టుడు ఎట్ల అయితది? చెయ్యి గట్టిగ పట్టుకోకపోతె నడిమిట్ల నుంచి ఎదుటోడు ఉరికిపోతడు. బయట నాకాల మీద పోలీస్ బండ్లు నిలబడ్డ ఏండ్లల్ల గూడ గ్రౌండ్‌ల ఆ చేతులు కలిసినయి. మేం ఇవతల నిలబడి ఆ ముగ్గురి పేర్లు అరిచినం. ఎవ్వడు ఎవ్వని పేరు అరవాలన్న లెక్క లేకుండె. మీ టైటాన్స్‌ల, యూ ముంబాల అన్ని రాష్ట్రాలోళ్ళు కలిసే ఆడుతరు, నాకు తెలుసు. కాని వాళ్ళు ఆట అయిపోయినంక హోటల్‌కు పోతరు. మా ముగ్గురు అదే ఊర్ల, పక్కపక్క గల్లీలకు పోయిండ్రు. దాని బరువు వేరే.

ఈ మాట దగ్గర నేను పూర్తిగా మామ వైపు ఉన్నాను. పత్రికల్లో భివండి పేరు కనిపించేది అల్లర్లకు, లేదా కూలిన భవనానికి, తగలబడ్డ గోదాముకు. చెయ్యీ చెయ్యీ పట్టుకోవడం తప్ప వేరే దారి లేని ఒక ఆటను ఈ ఊరి పిల్లలు ఆ ఏళ్ళలోనే ఆడారన్నది కూడా ఈ ఊరి చరిత్రే. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అయితే అల్లుడు తర్వాత అడిగింది నన్ను కూడా నిలదీసింది.

అల్లుడు: మరి ఆ బరువు ఇప్పుడు ఎవ్వడు మోస్తున్నడు? నన్ను ఫోన్ల చూస్తవని అంటవు. నేను రాత్రి పదింటికి నాసిక్ హైవే పక్కన గోదాంల డ్యూటీ ఎక్కుత. జీఎస్టీ వచ్చినంక 2017 నుంచి అక్కడ ఎన్ని గోదాములు లేచినయో నీకు తెల్వదా? మా క్లాసుల సగం మంది అక్కడనే. డబ్బాలకు టేప్ అతికిస్తం, స్కాన్ చేస్తం, పొద్దున ఆరింటికి దిగుతం. ఏడున్నరకు క్లాస్. కబడ్డీ ప్రాక్టీస్ నాలుగింటికి, అప్పుడు నేను పండుకుంట. మొదటేడు ట్రయల్‌కు పోయిన మామ. తీసుకున్నరు గూడ. ప్రాక్టీస్‌కు రాని వాణ్ణి ఎన్నొద్దులు ఉంచుతరు? నీ కాలంల కరెంటు పోతె సాంచా ఆగింది, మనుషులు గ్రౌండ్‌కు వచ్చిండ్రు. గోదాంల కరెంటు పోదు, జనరేటర్ ఉంటది. నాకు దొరికే ఆట ఏదంటె, పొద్దున తిరిగొచ్చే బస్సుల ఇరవై నిమిషాలు. అందుల టైటాన్స్ హైలైట్స్ చూసుకుంట.

మామ: ట్రయల్‌ల తీసుకున్నరా నిన్ను? ఏ జాగల?

అల్లుడు: ఎడమ కార్నర్.

మామ: ఎడమ కార్నర్‌నా! అరే...

అల్లుడు: అది అయిపోయింది, విడిచిపెట్టు. చెల్లె జట్టు గురించి మాట్లాడుదాం. కాలేజీ ఆడపిల్లల జట్టుల చెల్లె రెయిడర్. నువ్వు చెప్పిన సాఖళీ అక్కడ ఇప్పటికీ ఉన్నది. మోమిన్ పిల్ల ఉన్నది, ఆగ్రీ పిల్ల ఉన్నది, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినోళ్ళ పిల్ల ఉన్నది. మొన్న మ్యాచ్‌కు చూసెటోళ్ళు ఎంతమంది అనుకున్నవు? కోచ్ మేడం, ఇద్దరు తల్లులు, నిద్రమొహం తోని నేను. ఎదుటి కాలేజీ నుంచి నలభై మంది వచ్చిండ్రు, తాషా పట్టుకొని. చెల్లె మట్టి రాసుకుందామంటె మ్యాట్ మీద మట్టి గూడ లేదు. మీ గొంతులు ఏడవోయినయి మామ? బీకామ్ చదివి, బ్యాగులు మోసి, అంత ప్రేమ ఉందన్నోళ్ళు, ఒక్కడు రాలే.

మామ: ఆడపిల్లలు ఆడే కాడ నాలాంటోడు నిలబడి అరిస్తె పిల్లలు బెదురుతరేమోనని.

అల్లుడు: బెదరాల్సింది ఎదుటి జట్టు. నువ్వే చెప్తివి గదా!

మామ: ఆడపిల్లల మ్యాచ్ ఎంతసేపు?

అల్లుడు: పదిహేను నిమిషాలవి రెండు. మొగోళ్ళకు ఇరవై, ఇరవై. నీ దుకాణం గంట సేపు మూస్తె లోకం మునగదు. కాకుంటె థానే పోవాలె, పోయిరావడానికి టైం పడుతది. బేస్తవారం మ్యాచ్.

మామ: వస్త. మా రెయిడర్‌కు గూడ ఫోన్ చేస్త. నోట్‌బుక్ ఇచ్చే పని లేదు, గొంతు తెస్తె చాలు. కాని నాదొక షరతు. నువ్వు ఫోన్ జేబుల పెట్టుకోవాలె. కూత నడుస్తుంటె కండ్లు గ్రౌండ్ మీద ఉండాలె, అద్దం మీద కాదు.

అల్లుడు: అది కాదు మామ. అమ్మకు ఆ పొద్దు కండెల పని ఉన్నది, సెలవు దొరకదు. నీ కాలంల నువ్వు ఇంటికొచ్చి చెప్తె విన్నది గాని, అమ్మ ఒక్కసారి గూడ గ్రౌండ్‌కు పోలే. బిడ్డ కూత అమ్మ చూడాలె. నేను రికార్డ్ చేస్త. ఇందుల నువ్వు ఎంత అన్నా విన.

మామ: మీ అమ్మ కోసమంటున్నవు, ఇగ నేనేమంట! చెయ్యి. స్కోర్ మాత్రం నేను రాస్త, కాయితం మీద. నీ ఫోన్ ఖరాబైనా నా కాయితం ఉంటది.

అల్లుడు: ముగ్గురు అవుటైతె మూడే రాయాలె మరి.

మామ: ముందుగాల ముగ్గురిని కొట్టనియ్యిరా పిల్లను!